నీళ్ల అడుగున వేసే ముడి

ఈ పనిలోకి వచ్చే కుర్రవాళ్లు నన్ను ముందుగా అడిగేది, ఎంతసేపు ఊపిరి బిగపట్టగలవు అని. ఆ తర్వాత, ఎంత లోతుకు దిగావు అని. తాడు గురించి మాత్రం ఒక్కరూ అడగరు. గొడ్డును కట్టేసేవాడికి ముడి వచ్చు, మూట కట్టేవాడికి వచ్చు, మనకు రాకుండా ఎట్లా ఉంటుందని వాళ్ల ధీమా. నేను కూడా ఆ ధీమాతోనే వచ్చాను. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు చెంగయ్య. మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరు. డెబ్బైల మొదట్లో తిరుపతికి వచ్చి మునిరత్నం మేస్త్రీ గుంపులో చేరాను. బావుల్లో పడిపోయిన మోటార్లు తీయడం, తూములకు అడ్డుపడిన మొద్దులు లాగడం, రిజర్వాయర్లలో ఇరుక్కుపోయిన తలుపులు కదిలించడం, అప్పుడప్పుడు మునిగిపోయిన మనుషుల్ని వెతకడం మా పని. ఎనభైల చివరిదాకా అదే చేశాను. ఎన్ని మోటార్లు తీశానో, ఎవరు మెచ్చుకున్నారో ఇక్కడ రాయను. కొత్తగా దిగేవాళ్లకు వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

మొదటి బావి

మా నాయన వలలు అల్లే మనిషి. పదేళ్లు రాకముందే నాకు పది రకాల ముళ్లు నేర్పాడు. పడవలో నిలబడి, పక్కవాడితో మాట్లాడుతూ, చేతుల వైపు చూడకుండా వేసేవాణ్ణి. మేస్త్రీ నన్ను చేర్చుకున్నది కూడా అది చూసే.

మొదటి పని వడమాలపేట దగ్గర ఒక రైతు బావిలో. వానలకు గట్టు కుంగి మోటారు లోపల పడింది. అప్పట్లో బావి పనికి గాలి గొట్టం ఉండేది కాదు. ఊపిరి బిగబట్టి దిగడమే. రెండు నిలువుల లోతు దాటాక వెలుతురు లేదు. మోటారు బురదలో సగం కూరుకుపోయి ఉంది. తడిమి తడిమి దాని పైనున్న ఇనుప కడియం దొరకబుచ్చుకున్నాను. పడవలో వేసే ముడినే వేయబోయాను.

ఒడ్డున తాడును ఎక్కడ వదిలితే అక్కడ పడి ఉంటుంది. నీళ్లలో అది ఒకచోట ఉండదు. వదిలిన కొస తేలి ముఖం మీదికి వస్తుంది, మెడ వెనక్కి పోతుంది, మళ్లీ వెతుక్కోవాలి. రెండు చేతులూ ముడికి పెడితే ఒళ్లు పైకి తేలిపోతుంది. లోపల ఊపిరి అయిపోతూ ఉంటుంది. తాడు జారిపోకుండా ఉండాలని ఎడమ అరచేతికి రెండు చుట్లు చుట్టుకుని, కుడిచేత్తో కొసను కడియంలోకి దూర్చాను. తాడు కదలడం చూసి పైనవాళ్లు ముడి పడిందనుకుని లాగారు.

చుట్లు బిగిశాయి. ఎముకలు విరగడం నీళ్లలో కూడా వినబడుతుందని ఆరోజు తెలిసింది. ముడి పూర్తికాలేదు కాబట్టి కొస జారి, తాడుతోపాటు నేను పైకి వచ్చాను. పూర్తయి ఉంటే మోటారుతో పాటు అక్కడే ఉండేవాణ్ణి.

మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని చూశాడు. "తాడు సేతికి సుట్టుకోమని ఎవురు నేర్పించినార్రా నీకు?" అన్నాడు.

"ఎవురూ నేర్పలేదు మేస్త్రీ. జారిపోతా ఉండె."

"జారిపోతే పోనీ. మళ్లా దిగి కట్టొచ్చు. సెయ్యి పోతే యాడ తెచ్చుకుంటావు?"

రెండు వేళ్లు ఇప్పటికీ వంకరగానే ఉన్నాయి. కట్టు విప్పిన మరునాడు మేస్త్రీ తన ఇంటి వెనక సిమెంటు తొట్టిలో నీళ్లు నింపి బంకమన్ను కలిపాడు. నా కళ్లకు తువ్వాలు కట్టి, చేతులు మోచేతుల దాకా అందులో పెట్టించి, ఊపిరి బిగబట్టి ముడి వేయమన్నాడు. పడవలో రెప్పపాటులో వేసే ముడికి అక్కడ రెండు ఊపిర్లు పట్టాయి. వేసినవి కూడా నిలబడలేదు. నిలబడినవాటిని అదే బురదలో విప్పమన్నాడు. "ఇప్పేదానికి రాని ముడి నాకొద్దు" అనేవాడు. నెల రోజులు ఆ తొట్టే నా బడి.

నెల తర్వాత ఆయన చెప్పిన మాట విని నాకు కోపం వచ్చింది. "ఇంత నేర్పింది కింద ముడి ఏసేదానికి కాదురా. కింద ముడి ఎంత కష్టమో నీకు తెలియాలని. ముడి పైన్నే కట్టుకో. కింద తగిలించి వచ్చేయ్."

ఆయన పద్ధతి అంతే. తాడు కొసన పైనే మెలిక వేసి, అది బిగిసి కూర్చునేటట్టు చేసి, లాగి చూసి, దానికి షాకిల్ బిగించేవాడు. షాకిల్ అంటే లాడంలాగా వంచిన ఇనుము. నోటికి అడ్డంగా ఒక మర ఉంటుంది. కిందికి దిగినవాడు దాన్ని కడియానికి తగిలించి మర తిప్పి వచ్చేస్తే చాలు. ఇంకో కట్టడి కూడా ఉండేది. మునిగినవాడి తల నీళ్లపైన కనబడేదాకా పైనవాళ్లు పెద్ద తాడు లాగకూడదు.

మేస్త్రీ మంచివాడని నేను చెప్పను. నోరు తెరిస్తే బూతులు. సాయంత్రమైతే తాగేవాడు. ఒకసారి నన్ను గొట్టంతో కొట్టాడు. కానీ ఆయన తాడు పట్టుకున్నప్పుడు దిగినవాడు ఎవడూ పోలేదు.

మనిషికి కట్టేటప్పుడు

దీని గురించి ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. ఈ పనిలో చేరితే ఎప్పుడో ఒకప్పుడు శవానికి తాడు కట్టవలసి వస్తుంది.

పలమనేరు దగ్గర ఒక పాలవ్యాపారి బావి మెట్లు జారి మునిగిపోయాడు. రెండో రోజు మమ్మల్ని పిలిచారు. అడుగున బోర్లా ఉన్నాడు. చలికి నా వేళ్లు మొద్దుబారాయి. చంకల కింద తాడు తిప్పి ముడి వేసి, పైకి వచ్చాకే లాగాలన్న కట్టడి మరిచి, కిందనుంచే తాడు కుదిపి ముడి పట్టిందని సైగ ఇచ్చాను. పైకి లాగుతున్నారు. అంతలో నా కాలు ఎవరో పట్టుకున్నట్టయింది. నేను వదులుగా వదిలేసిన తాడు చుట్ట ఒకటి చీలమండకు తగులుకుంది. అతని వెంట నేనూ తలకిందులుగా పైకి పోతున్నాను. అతని చెయ్యి నా వీపు మీద ఆనుతోంది.

తన్నుకుని ఉంటే చుట్ట బిగిసేది. ఎందుకో తన్నుకోలేదు. వంగి, తాడును కాలి వైపు ఒక జానెడు లాక్కుని, మడమ మీదుగా జార్చాను. అది తెలివి కాదు, అదృష్టం. అప్పటినుంచి వదులు తాడు ఒక మూర కూడా నా చుట్టూ ఉంచుకోలేదు. శవాలకు ముడి వేయడం కూడా మానేశాను. ఒక వల తీసుకెళ్లి అందులోకి దొర్లించి, వల నోటికి కొక్కెం తగిలించేవాణ్ణి.

పైకి వచ్చాక ఆ వ్యాపారి అన్న నా దగ్గరకు వచ్చాడు. "మెడకు కట్టలేదు గదప్పా?" అని అడిగాడు. లేదన్నాను. అతను బావి గట్టున కూలబడి అప్పుడు ఏడ్చాడు. తాడు పట్టుకున్నప్పుడల్లా ఆ మాట గుర్తొచ్చేది.

సుబ్రమణి

ఇక నేను ఇది రాయడానికి అసలు కారణం.

సుబ్రమణిది నగరి వైపు ఊరు. సగం తమిళం, సగం తెలుగు మాట్లాడేవాడు. గుంపులో నాకంటే బాగా దిగేవాడు. ఎప్పుడూ ఏదో ఒకటి పాడుతూ ఉండేవాడు. ఇద్దరం ఏడేళ్లు కలిసి పనిచేశాం. ఒకడు దిగితే ఒకడు పైన తాడు పట్టేవాళ్లం.

జిల్లాలో ఒక రిజర్వాయరు. పేరు అవసరం లేదు. తూము తలుపును ఎత్తే ఇనుప కడ్డీ విరిగిపోయి, తలుపు మూసుకున్నది మూసుకున్నట్టే ఉండిపోయింది. కాలువ కింద పొలాల్లో వరి పొట్టమీద ఉంది. రైతులు కట్ట మీదే కూర్చుని ఉన్నారు. ముప్పై అడుగుల లోతులో తలుపు చెవికి, అంటే దాని పైనున్న బెజ్జం ఇనుముకు, తాడు తగిలించి, పైనుంచి చైన్ పుల్లీతో లాగాలి. మేస్త్రీ జ్వరంతో తిరుపతిలో ఆసుపత్రిలో ఉన్నాడు. మొదటిసారి గుంపు నా చేతిలో ఉంది.

ఇలాంటి లోతుకు గాలి గొట్టం వాడేవాళ్లం. పైన ఒక ఇంజన్ గాలి కొడుతుంది, గొట్టం గుండా అది దిగినవాడి ముసుగులోకి వస్తుంది. ఇంజన్ చూసేవాడు ఖాదర్. చిత్తూరు మనిషి. మాటలు తక్కువ. ఇంజన్ పక్కనుంచి లేచేవాడు కాదు.

సుబ్రమణి మొదట దిగి చూసి వచ్చాడు. "చెవి బెజ్జం సిన్నదిగా ఉండాది చెంగా. మన షాకిల్ దూరదు" అన్నాడు.

పుత్తూరులో నాకు తెలిసిన కమ్మరి ఉన్నాడు. సన్నది ఒకటి చేయించుకుని రావాలని, రేపటికి పని అవుతుందని కాంట్రాక్టరు తరపు సైటు ఇన్‌చార్జికి చెప్పాను. ఆయన కట్ట మీది రైతుల వైపు చూపించాడు.

"వాళ్లకు నువ్వు చెప్తావా రేపని? ఇంతమంది ఉండి ఒక ముడి వేయలేరా? మీ మేస్త్రీ వచ్చుంటే ఈపాటికి నీళ్లు పారేవి."

ఆ చివరి మాట నాకు తగిలింది. సుబ్రమణి నవ్వాడు. "దీనికి పుత్తూరు దాకా యాల? సన్న కొస దూర్చి నేనే ఏసొస్తా. మూడుతూర్లు లాగితే కొంచెం బిగించండి. ముడి కూసున్నాక పైకొస్తా."

వద్దనాల్సింది నేను. అది నా పని. నాకు తెలిసినవన్నీ ఆ క్షణంలో నాకు తెలుసు. తొట్టి గుర్తుంది, విరిగిన వేళ్లు కళ్లముందే ఉన్నాయి. అయినా, "సరే, ఏసి రా. బిరీన వచ్చేయ్" అన్నాను.

కాంట్రాక్టరు ఇచ్చింది కొత్త నైలాన్ తాడు. నైలాన్ నున్నగా ఉంటుంది. బిగించేదాకా జారుతూనే ఉంటుంది, బిగిసిందంటే విడవదు. అందుకే ముడి కూర్చోవాలంటే పైనుంచి లాగాలి, అప్పుడు మనిషి కిందే ఉండాలి. అది తప్పు పద్ధతి. ఇంకో సంగతి, సుబ్రమణి దగ్గర ఆరోజు మూడు తాళ్లున్నాయి. నడుముకు కట్టిన ప్రాణతాడు, గాలి గొట్టం, ఈ పెద్ద తాడు. అడుగున బురద నీళ్లలో మూడూ చేతికి ఒకటే.

ప్రాణతాడు నా చేతిలో ఉంది. ఒకసారి లాగితే బాగున్నానని, రెండుసార్లయితే తాడు వదలమని, ఆరోజుకు మాత్రం మూడుసార్లయితే పెద్ద తాడు లాగమని, ఆపకుండా లాగితే ప్రమాదమని మా సైగలు. చాలాసేపు ఏమీ లేదు. బుడగలు వస్తున్నాయి. తర్వాత మూడు కుదుపులు వచ్చాయి.

"లాగండి" అన్నాను.

నలుగురు మనుషులు చైన్ పట్టుకున్నారు. తాడు సాగింది, నీళ్లు కారుతూ సన్నబడింది. తలుపు కదల్లేదు. ఇన్‌చార్జి "ఇంకా, ఇంకా" అంటున్నాడు. అప్పుడు ఖాదర్ ఇంజన్ దగ్గరనుంచి అరిచాడు.

"చెంగా! గాలి మీటరు ముల్లు పైకి పోతా ఉండాది. గొట్టం యాడనో నొక్కుకొని ఉండాది. ఆపు!"

నేను ఏమన్నానో తెలుసా? "ఉండప్పా, తలుపు కదిలేటట్టుంది" అన్నాను. చైన్ ఇంకో రెండు బారలు లాగారు. ఆ తర్వాత నీళ్ల వైపు చూస్తే బుడగలు లేవు.

తాడు వదలమని అరిచి, కత్తి తీసుకుని దూకాను. తాడు పట్టుకుని దిగితే నా చేతులు ముడి మీదే పడ్డాయి. పెద్ద తాడు మెలికలో ప్రాణతాడు ఇరుక్కుంది. గాలి గొట్టం అందులోనే నలిగిపోయి ఉంది. దాని కింద సుబ్రమణి కుడి మణికట్టు. వదిలినా ముడి సడలలేదు. కొత్త నైలాన్ కరుచుకుని పట్టింది. అతని కత్తి కుడి తొడకు కట్టి ఉంది. ఎడమచేత్తో దానికోసం ప్రయత్నించినట్టున్నాడు, ఒర పక్కకు తిరిగి ఉంది. కత్తిని రెండు చేతులకూ అందేటట్టు రొమ్ము మీద కట్టుకోండి. ఇది సుబ్రమణి నేర్పిన పాఠం.

కోసి అతన్ని పైకి తెచ్చేసరికి ఏమీ మిగల్లేదు. గంటసేపు కట్ట మీద పడుకోబెట్టి రొమ్ము నొక్కాం. రైతులు లేచి నిలబడి చూశారు.

అతను ప్రాణతాడును ఎన్నిసార్లు లాగాడో నాకు తెలియదు. ఆపకుండానే లాగి ఉంటాడు. తాడు ముడిలో ఇరుక్కుంది కాబట్టి నా చేతికి మూడే అందాయి.

ఒక్క మాట

ఇన్‌చార్జి నా దగ్గరకు వచ్చి అడిగాడు. "గాలి ఆగిపోయిందా?"

నేను "ఆ" అన్నాను.

అబద్ధం కాదని మనసులో అనుకున్నాను. గాలి ఆగిన మాట నిజమే కదా. ఎందుకు ఆగిందో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. అదే కాగితం మీదికి ఎక్కింది. సాయంత్రానికి అందరి నోటా ఇంజన్ చెడిపోయిందనే మాట. ఖాదర్ నా వైపు ఒకసారి చూశాడు. శవం వెంట నగరి వైపు వెళితే సుబ్రమణి బంధువులు అతన్ని వీధి మొగలోనే తోసేశారు. నన్ను మాత్రం పాడె మోయనిచ్చారు.

పాడె మోసిన మరునాడు మేస్త్రీ జ్వరంతోనే బస్సెక్కి రిజర్వాయరు దగ్గరకు వచ్చాడు. గాలి గొట్టాన్ని ఒక కొసనుంచి చేతుల్లో జార్చుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. గొట్టం చదునుగా అణిగిపోయి, తాడు పురి అచ్చు పడి ఉంది.

"ఇది ఇంజన్ పని కాదు రా" అన్నాడు.

నేను జరిగిందంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "ఖాదర్ యాడ?" అన్నాడు.

"చిత్తూరుకు పొయినాడు."

"ముందు ఈడ పని అయిపోనీ. ఆనక నువ్వు పొయ్యి జెప్పాల. నేను రాను. నీ నోటితో అన్నమాట నీ నోటితోనే తీసేసుకో."

మనిషిని పుత్తూరుకు పంపాడు. పొద్దున వెళ్లినవాడు మధ్యాహ్నానికి కొత్త షాకిల్‌తో తిరిగొచ్చాడు. గాలి కొట్టడానికి వేరే మనిషిని పిలిపించి, యాభై దాటిన మేస్త్రీ తానే దిగాడు. తగిలించి, మర తిప్పి, పైకి వచ్చి గట్టు మీద కూర్చున్నాక "ఇప్పుడు లాగండి" అన్నాడు. ఈసారి రెండు చైన్ పుల్లీలు పెట్టించాడు. తలుపు లేచింది. కాలువలో నీళ్లు పడ్డాయి. రైతులు కొబ్బరికాయ కొట్టారు. వాళ్ల తప్పు ఏమీ లేదు.

నగరి వైపు

రెండు రోజుల తర్వాత చిత్తూరు వెళ్లాను. ఖాదర్ ఇంటిముందు అరుగు మీద ఒక పంపు విప్పుకుని కూర్చున్నాడు. నేను చెప్పడం మొదలుపెడితే చెయ్యి ఎత్తి ఆపాడు.

"నాకు జెప్పేదేంది చెంగా? నేను ఆడ లేనా? ఆయమ్మకు జెప్పు."

ఇద్దరం బస్సులో వెళ్లాం. సుబ్రమణి భార్య వల్లెమ్మ గడపలో కూర్చుని ఉంది. ఖాదర్‌ను చూసి లోపలికి పోబోయింది.

"ఉండమ్మా" అన్నాను. "ఈయన తప్పేమీ లేదు. ఇంజన్ ఆగలేదు. గొట్టం ముడిలో పడి నలిగింది. ఈయన ఆపమని అరిచినాడు. నేనే ఆపలేదు. ముడి ఏసేదానికి పంపించింది కూడా నేనే."

ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్లి ఒక చాప తెచ్చి ఖాదర్ ముందు పరిచింది. "కూసోన్నా" అంది. నన్ను కూర్చోమనలేదు.

తర్వాత అడిగింది. "ముడి ఏసుండకపోతే ఏం జేసుందురు?"

"పుత్తూరులో ఇనుప లాడం ఒకటి చేయించి, అది తగిలించుందుము."

"దానికి ఎంతసేపు?"

"ఒక పూట."

"ఒక పూటేనా?" అంది. ఖాదర్‌కు చెంబుతో నీళ్లు ఇచ్చింది. అతను తాగేదాకా నేను వాకిట్లో నిలబడే ఉన్నాను.

ఆ తర్వాత ఆ ఇన్‌చార్జికి కూడా నిజం చెప్పాను. కాగితం మార్చడం కుదరదన్నాడు. ఖాదర్‌ను మేస్త్రీ తిరిగి పిలిచాడు. అతను వచ్చాడు, నాతో పనివరకు మాట్లాడేవాడు. తాము దిగేటప్పుడు ప్రాణతాడు నా చేతిలో ఉండడానికి గుంపులో ఒక్కడూ ఒప్పుకోలేదు. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. దిగే ముందు తాడు కొస నన్ను దాటుకుని పక్కవాడికి ఇచ్చేవారు. మేస్త్రీ చూసి ఊరుకునేవాడు. మానేసే రోజుదాకా నేను దిగేవాణ్ణిగానే ఉండిపోయాను. నా తాడు ఎక్కువసార్లు ఖాదర్ పట్టుకున్నాడు. ఒక్కసారి కూడా తొందరపడి లాగలేదు.